క్రూజ్‌లో ఫార్మల్ నైట్: పట్టుచీర సరే, ఓడలో ఇస్త్రీ సంగతేంటి?

బందరు లడ్డు (ప్రశ్న)

డిసెంబరులో మయామీ నుంచి 7 రాత్రుల కరీబియన్ క్రూజ్, రాయల్ కరీబియన్ వాళ్ళది. ఐదుగురం: అమ్మ (64), నాన్న (70), మేమిద్దరం, 9 ఏళ్ళ పాప. రెండు క్యాబిన్లు. రెండు ఫార్మల్ నైట్లు (డిన్నర్‌కి బాగా తయారై రావాల్సిన రాత్రులు) ఉంటాయన్నారు. అమ్మ చీర తప్ప ఇంకోటి కట్టదు. నాన్న సూటు వేసుకోనంటే వేసుకోనంటున్నారు.

పట్టుచీర ఫార్మల్ కింద చెల్లుతుందా, గౌన్లే వేసుకోవాలా? నాన్న పంచెతో వస్తే డైనింగ్ రూమ్ గుమ్మం దగ్గర ఆపేస్తారా? మా ఆయనకి టక్సీడో (బో టైతో వేసుకునే విందు సూటు) అద్దెకి తేవాలా, ఉన్న నేవీ బ్లూ సూటు చాలా? ఓడలో ఇస్త్రీపెట్టె వాడనివ్వరట, నిజమేనా? అమ్మావాళ్ళు విజయవాడ నుంచే అన్నీ సర్దుకుని రావాలి, అందుకే ఇప్పుడే అడుగుతున్నా. మనిషికి ఒక్క పెట్టె మించకూడదు.

డెక్ తొమ్మిది

పట్టుచీర గురించి బెంగే వద్దండి. ఆ రాత్రి ఓడ మొత్తంలో బాగా తయారైనవాళ్ళ లెక్క తీస్తే మీ అమ్మగారు ముందు వరసలోనే ఉంటారు. గౌను అక్కర్లేదు.

ముందు ఆ రాత్రులు ఎప్పుడొస్తాయో తెలుసుకోండి. 7 రాత్రుల ప్రయాణంలో మామూలుగా రెండు ఉంటాయి, ఓడ రోజంతా సముద్రం మీదే ఉండే రోజున పెడతారు. అందుకే మొదటిది తరచు రెండో రాత్రే వచ్చేస్తుంది. ఎక్కిన మొదటి రాత్రీ, దిగే ముందు రాత్రీ పెట్టరు. మొదటి రాత్రికి పెట్టెలు ఇంకా క్యాబిన్లకు చేరుతుంటాయి, చివరి రాత్రికి మళ్ళీ బయట పెట్టేస్తాం. కచ్చితమైన తేదీలు కంపెనీ యాప్‌లోనూ, ఓడ ఎక్కాక రోజువారీ కార్యక్రమంలోనూ ఉంటాయి.

రాయల్ కరీబియన్‌లో ఇదేమీ సైనిక క్రమశిక్షణ కాదు. ముదురురంగు సూటు, టై కట్టినవాళ్ళు ఉంటారు, మామూలు కాలర్ చొక్కా, ప్యాంటు వేసుకున్నవాళ్ళూ ఉంటారు. టక్సీడో వేసుకునేవాళ్ళు కొద్దిమందే. మీవారికి నేవీ బ్లూ సూటు ఒకటి, చొక్కాలు రెండు, టైలు రెండు చాలు. రెండు రాత్రులూ అదే కోటు వేసుకున్నారని ఎవరూ కనిపెట్టరు. అసలు ఏదీ వేసుకోబుద్ధి కాకపోతే పైన బఫే ఉంది, అక్కడ ఈ నియమం ఉండదు.

ఇస్త్రీ సంగతి మాత్రం నిజం. ఇస్త్రీపెట్టె, ఆవిరితో ముడతలు తీసే స్టీమర్ రెండూ నిషేధమే, అగ్ని ప్రమాదం భయంతో. పోర్టులో స్కానింగ్‌లో దొరికితే తీసి పక్కన పెడతారు. కొవ్వొత్తులు, అగరబత్తులు కూడా అంతే, మీ అమ్మగారికి ముందే చెప్పండి. ప్రిన్సెస్, కార్నివాల్, క్యూనార్డ్ కంపెనీల ఓడల్లో చాలావాటిలో ప్రయాణికులు వాడుకునే లాండ్రీ గది ఉంటుంది, అందులో ఇస్త్రీపెట్టె వాళ్ళే పెడతారు. రాయల్ కరీబియన్‌లో ఆ గది లేదు. డబ్బు తీసుకుని ఇస్త్రీ చేసిస్తారు, ఒక్కో బట్టకి ఇంతని. చొక్కాలు, కోటు ఎక్కిన రోజే సంచిలో వేసి ఇచ్చేయండి. ఫార్మల్ నైట్ మధ్యాహ్నం ఇస్తే మీకంటే ముందు ఇచ్చినవాళ్ళ గుట్ట ఉంటుంది.

పట్టుచీర మాత్రం వాళ్ళ చేతికి ఇవ్వకండి. ఎందుకో చీరల సంగతి తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

జరీ అంచు

నేను చెబుతా. ఓడ లాండ్రీలో ఉండేది చొక్కాలు, దుప్పట్లు నొక్కే సరంజామా. వేడి ఆవిరి తగిలితే పట్టు మీద నీటి మరకలు పడతాయి, జరీ ముడుచుకుంటుంది. ఒకసారి ముడుచుకున్న జరీ మళ్ళీ సాపు కాదు.

కాబట్టి విజయవాడలోనే ముందుగా కుచ్చిళ్ళు పెట్టించేయండి. ప్రీ-ప్లీటింగ్, బాక్స్ ఫోల్డింగ్ అంటారు. పెళ్ళిళ్ళ ధర్మమా అని ఇప్పుడు ప్రతి ఊళ్ళో చేసేవాళ్ళున్నారు. చీర కుచ్చిళ్ళు, పైట మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, ఒక పెట్టెలో పట్టేలా మడిచిస్తారు. కట్టుకోవడం పది నిమిషాల పని. కానీ ఇక్కడ మూడు చోట్ల తేడా కొడుతుంది.

ఒకటి, కొలత. అమ్మగారి నడుము చుట్టుకొలత, పైట ఎంత పొడుగు కావాలో ఇవ్వడం అందరికీ గుర్తుంటుంది. ఆ రోజు వేసుకునే చెప్పుల ఎత్తు చెప్పడం మరిచిపోతారు. ఒకటిన్నర అంగుళాల మడమకి పెట్టిన కుచ్చిళ్ళు చదును చెప్పులతో కడితే నేల ఊడుస్తాయి. అదే చెప్పులు, అదే లోపలి లంగా తీసుకెళ్ళి అవి వేసుకునే కొలత ఇప్పించండి. చీర అంచు నేలకి ఒక అంగుళం పైన ఉండాలి. ఇంట్లో లాగా మడమలు కప్పేలా కట్టకూడదు. బాత్రూమ్ గుమ్మానికీ, డెక్ మీదికి వెళ్ళే తలుపులకీ ఎత్తైన గడపలుంటాయి. పైగా షో అయిపోయాక లిఫ్టుల దగ్గర తిరునాళ్ళే, అందరూ మెట్ల దారి పడతారు.

రెండు, పిన్నులు. మడతలు నిలవడానికి వాళ్ళు పెట్టే పిన్నులు తుప్పు పట్టేవైతే నెల రోజుల్లో పట్టు మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. స్టీలు పిన్నులే పెట్టమనండి. ఇంకా మంచిది, కుచ్చిళ్ళ పైభాగాన అదే రంగు దారంతో వదులుగా కుట్టు వేయించడం. నడుములోకి దోపాక ఆ దారం లాగేయొచ్చు, వదిలేసినా కనపడదు.

మూడు, సమయం. ప్రయాణానికి రెండు నెలల ముందు పెట్టించి బీరువాలో పెట్టకండి. ఒకే మడతలో ఎక్కువకాలం ఉంటే ఆ గీత మీదే జరీ విరుగుతుంది. బయల్దేరే వారంలో పెట్టిస్తే చాలు. పాత నూలు పంచె ముక్కలో చుట్టి, విమానంలో చేతితో తీసుకెళ్ళే బ్యాగులో పైన పెట్టుకోండి. ప్లాస్టిక్ కవరు వద్దు, కలరా ఉండలు అసలే వద్దు.

ఏ చీర అంటే, బరువైన కంచిపట్టు ఒక్కటే కిలో దాకా తూగుతుంది. అలాంటివి రెండు, వాటి జాకెట్లు, లంగాలు కలిపితే పెట్టెలో మూడు కిలోల లెక్క. ఒక రాత్రికి కంచి లేదా ధర్మవరం, రెండో రాత్రికి ఉప్పాడ జామ్‌దానీ చూడండి. ఉప్పాడ తేలిక, మడిచినా చోటు తినదు. గద్వాల చీరలకి చాలావాటికి ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు భాగం పెట్టెలో నలిగితే ఓడలో దిద్దడం కష్టం, అది ఇంట్లోనే ఉంచండి. మిగిలిన ఐదు రాత్రులకి జార్జెట్, క్రేప్ సుఖం. గుడ్డ హ్యాంగర్‌కి తగిలిస్తే మర్నాటికి ముడతలు వాటంతటవే జారిపోతాయి.

క్యాబిన్‌లో హ్యాంగర్లు తక్కువే, అడిగితే ఇంకొన్ని ఇస్తారు. ఇంకో కిటుకు, క్యాబిన్ గోడలు చాలావరకు ఇనుపరేకువే, అయస్కాంతం కొక్కేలు అతుక్కుంటాయి. నాలుగు తీసుకెళ్ళండి. పట్టుచీర మాత్రం హ్యాంగర్‌కి రోజుల తరబడి వేలాడదీయకండి, మడతలోనే ఉంచి ఆ సాయంత్రం తీయండి.

అత్తరు, సెంటు చీర కట్టకముందే కొట్టుకోవాలి. జరీ మీద పడితే నల్లబడుతుంది. భోజనంలో నూనె మరక పడితే నీళ్ళతో రుద్దకండి, నీటి మరక ఇంకా పెద్దదవుతుంది. రుమాలుతో అద్ది, పౌడరు చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున్న దులిపేయండి. చిన్న పౌడరు డబ్బా దగ్గరుంటే అదే మందు.

డెక్ తొమ్మిది

జరీ అంచు గారు గాలి సంగతి వదిలేశారు. ఓడ నడుస్తున్నప్పుడు పై డెక్ మీద గాలి మామూలుగా ఉండదు. ఒంటిపొర పైట ఎగిరి మొహానికి చుట్టుకుంటుంది. మడతలు పెట్టి భుజం మీద పిన్ను చేసిన పైటే మేలు. ఫొటోలు డెక్ మీద కాకుండా లోపల పెద్ద మెట్ల దగ్గర తీయించుకోండి. ఓడ ఫొటోగ్రాఫర్లు ఆ రాత్రి తెరలు కట్టి వరసగా నిలబెడతారు, నిలబడటం ఉచితం, ఫొటో కొనడమే ఖరీదు.

డైనింగ్ రూమ్, థియేటర్ రెండూ చలిపెట్టెలు. శాలువా తప్పనిసరి.

జరీ అంచు

పిన్ను పెట్టేటప్పుడు భుజం కుట్టు మీదే పెట్టండి, పిన్నుకి ముందు ఒక చిన్న పూస గుచ్చితే పట్టు చిరగదు. మొత్తం మూడు చాలు: భుజం మీద ఒకటి, కుచ్చిళ్ళకి లోపలివైపు పెద్దది ఒకటి, పక్కన నడుము దగ్గర ఒకటి. డజను తీసుకెళ్ళండి, ఎప్పుడూ కనపడకుండా పోయేవి అవే.

నగలు ఒక గ్రాము బంగారంవి చాలు. క్యాబిన్ లాకరు పాస్‌పోర్టులకీ పర్సులకీ సరిపోతుందే గానీ హారం డబ్బాలకి కాదు. ఇండియా నుంచి అసలు బంగారమే తెస్తే, తిరిగి వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేకుండా బయల్దేరేముందే విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. దానికి నగలు చూపించాలి, తూకం వేయించాలి, ముందుగా వెళ్ళాలి. రెండు రాత్రుల భోజనానికి అంత తతంగం దండగ. పూలు కూడా గుడ్డ మల్లెలే. తాజా పూలు ఓడలోకీ, దిగేటప్పుడు అమెరికాలోకీ తెస్తే తనిఖీలో పేచీ.

బందరు లడ్డు

అందరికీ థాంక్సండి. బాక్స్ ఫోల్డింగ్ మాట అమ్మకి చెప్పాను, "నా చీర ఇంకొకరు మడిచేదేంటి" అంది, ఒప్పిస్తా. నాన్న పంచె సంగతి ఎవరూ తేల్చలేదు.

నాలుగు గుండీలు

పంచె తేల్చేద్దాం. పట్టుపంచె, పట్టు లాల్చీ, భుజాన ఉత్తరీయం: ఇది మన ఫార్మల్. రాయల్ కరీబియన్‌లో దీనికి అడ్డు చెప్పే నియమం లేదు. వాళ్ళు డైనింగ్ రూమ్‌లో వద్దనేది బనియన్లు, టోపీలు, ఈత బట్టలు, ఒట్టి కాళ్ళు. చిక్కు వచ్చేది పంచెతో కాదు, కాళ్ళ దగ్గర. రబ్బరు చెప్పులతో వెళ్తే ఎంత జరీ పంచె అయినా గుమ్మం దగ్గర ఒక చూపు చూస్తారు. ముందు మూసి ఉన్న మోజిరీలు గానీ, తోలు జుత్తీలు గానీ వేయించండి. అడుగు తోలుదైతే టైల్స్ మీద జారుతుంది, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర పల్చని రబ్బరు అతికించుకోండి. 70 ఏళ్ళ మనిషికి అది అందం కోసం కాదు.

కట్టు విషయం. అడ్డపంచె కట్టుకుంటే ఓడ కదలికలో మెట్లు దిగడం కష్టం, డెక్ మీద గాలికి రెండు చేతులూ పంచె పట్టుకోడానికే సరిపోతాయి. గోచీ పోసి కట్టుకుంటే కాళ్ళు విడిగా ఆడతాయి. 9×5 చాపు (తొమ్మిది మూరల పంచె, ఐదు మూరల ఉత్తరీయం) తీసుకోండి, నాలుగు గజాలది గోచీకి చాలదు. అలవాటు లేకపోతే నడుముకి బెల్టు, లోపల నిక్కరు. మోకాళ్ళ పైకి మడిచి కట్టడం మాత్రం డైనింగ్ రూమ్‌లో వద్దని ఇప్పుడే చెప్పుంచండి. అది కట్టు కాదు, అలవాటు.

నన్నడిగితే పంచె ఒక రాత్రికి ఉంచి, రెండో రాత్రికి బంద్‌గలా (మెడ దాకా మూసి ఉండే కాలర్ కోటు) కుట్టించండి. సూటు వద్దనేవాళ్ళు దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే టై లేదు. నలుపు గానీ ముదురు నీలం గానీ, ప్యాంటు అదే గుడ్డ. ఉన్ని కలిసిన టెరీవూల్ తీసుకోండి, నార కలిసినది పెట్టెలోంచి తీసేసరికి అప్పడంలా ఉంటుంది. కాలర్ హుక్కు పెట్టాక ఒక వేలు దూరాలి. విజయవాడలో కుట్టించేవాళ్ళు కాలర్ బిగువుగా పెడితే కుర్రాళ్ళకి బాగుంటుంది, పెద్దాయన సూపు తాగేలోపే హుక్కు తీసేస్తారు. కొలతలిచ్చాక రెండు ట్రయల్స్‌కి టైం ఉండేలా కనీసం మూడు వారాల ముందు ఇవ్వండి.

కోటు సర్దడం: ఒక భుజాన్ని తిరగేసి దాంట్లోకి రెండో భుజాన్ని దూర్చండి, లైనింగ్ బయటికి వస్తుంది. నిలువునా మధ్యకి మడిచి, నడుము దగ్గర మెత్తని చొక్కాల చుట్టూ ఒక్క మడత. ఓడ ఎక్కగానే మొదటి పని దాన్ని హ్యాంగర్‌కి ఎక్కించడం. వేడినీళ్ళ షవర్ ఆవిరిలో వేలాడదీస్తే ముడతలు పోతాయని చాలామంది రాస్తారు. క్యాబిన్ బాత్రూమ్‌లో గాలి లాగేసే ఫ్యాను గట్టిది, ఆవిరి నిలవదు. తడి చేత్తో ముడత మీద రాసి, ఆరేదాకా వేలాడదీస్తే అంతకన్నా నయం.

మీవారు సరదాపడి టక్సీడోనే తెచ్చుకుంటే: బెల్టు పెట్టకూడదు, పొడుగు టై కట్టకూడదు, నడుము పట్టీ మడతలు పైకి చూడాలి. ఈ మూడూ తప్పైతే మంచి సూటే నయం.

థేమ్స్ గట్టు

ఇదే చర్చలో అడగొచ్చా? మాది క్యూనార్డ్ వాళ్ళ ఓడ క్వీన్ మేరీ 2, సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్, 7 రాత్రులు. గాలా ఈవినింగ్స్‌లో (అక్కడ ఫార్మల్ నైట్లని అలా అంటారు) ఒకటి "బ్లాక్ అండ్ వైట్". మా అత్తగారు నలుపు కట్టరు, తెల్లచీర అంటే ఇక చెప్పక్కర్లేదు, మావయ్యగారు పక్కనే ఉండగా తెల్లచీరేంటంటారు. ఏం చేయాలి?

డెక్ తొమ్మిది

క్యూనార్డ్ దారి వేరండి, పైన రాయల్ కరీబియన్‌కి చెప్పిన వెసులుబాటు ఇక్కడ లేదు. సాయంత్రం 6 దాటాక ప్రతి రాత్రీ నీటుగా ఉండాలి, గాలా రాత్రుల్లో మగవాళ్ళకి డిన్నర్ జాకెట్ (టక్సీడో) లేదా ముదురు సూటు, బో గానీ టై గానీ. అయితే తమ దేశపు సంప్రదాయ ఫార్మల్ దుస్తులు చెల్లుతాయని వాళ్ళ నియమాల్లోనే ఉంది. కాబట్టి చీర, బంద్‌గలా, షేర్వాణీ ధైర్యంగా వేసుకోవచ్చు.

థీమ్ వేరు, డ్రెస్ కోడ్ వేరు. రంగు పాటించడం మీ ఇష్టం, ఫార్మల్‌గా ఉండటం మాత్రం తప్పదు. అత్తగారు మెరూన్ కంచిపట్టు కట్టినా ఎవరూ కాదనరు. తయారవడం ఇష్టం లేని రాత్రి కింగ్స్ కోర్ట్ బఫే, గోల్డెన్ లయన్ పబ్ లాంటి కొన్ని చోట్లే తిరగాలి, ప్రధాన డైనింగ్ రూములోకి రానివ్వరు.

మీకో సుఖం ఉంది, లాండ్రీ గదులు ఉచితం, ఇస్త్రీ బల్లలు ఉంటాయి. గాలా రోజు మధ్యాహ్నం అక్కడ క్యూ. పొద్దున్నే టిఫిన్‌కి ముందు వెళ్ళండి.

జరీ అంచు

రంగు కూడా కలవాలనుకుంటే పూర్తి నలుపూ పూర్తి తెలుపూ కాని దారి మన దగ్గరే ఉంది. నల్గొండ వైపు పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు కలిసిన ఇక్కత్ (దారానికి ముందే రంగులద్ది నేసేది). ఎరుపు ఉంది కాబట్టి పెద్దావిడకి అభ్యంతరం ఉండదు, దూరం నుంచి థీమ్‌కీ సరిపోతుంది. పట్టులో నేసింది తీసుకోండి, నూలుది ఆ రాత్రికి సాదాగా ఉంటుంది. లేదంటే పోచంపల్లి పట్టులో మీగడరంగు ఒళ్ళు, ముదురు అంచు. మీగడరంగుకి పసుపో ఎరుపో అంచుంటే దాన్ని ఎవరూ తెల్లచీర అనరు.

ఇదే చిక్కు ఎంఎస్‌సీ ఓడల తెల్లబట్టల పార్టీలోనూ వస్తుంది. దానికి జరీ అంచు కేరళ చీర చాలు.

ఆ లాండ్రీ గదిలో ఇస్త్రీపెట్టె మీ ముందు ఎవరు దేనికి వాడారో తెలియదు. పట్టు మీద పెట్టేముందు పాత నూలు గుడ్డ మీద ఒకసారి నడిపి చూడండి, అడుగున కరిగిన నైలాన్ అంటి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. వేడి సిల్క్ గుర్తు దగ్గర, చీరకీ పెట్టెకీ మధ్య గుడ్డ, ఆవిరి మీట ఆపేసి.

బందరు లడ్డు

ఆఖరి ప్రశ్న, పాపకి పట్టులంగా పెడుతున్నా. సరేనా?

జరీ అంచు

బాగుంటుంది. చీలమండకి రెండంగుళాల పైకి ఉండేలా చూడండి, నడుముకి బొందు బదులు ఎలాస్టిక్ వేయించండి, బాత్రూమ్‌కి తనే వెళ్ళగలగాలి. భోజనం కాగానే పిల్లల క్లబ్బుకి పరిగెడుతుంది, రంగులూ జిగురూ అక్కడే. ఒక జత మామూలు బట్టలు మీ చేతిసంచిలో ఉంచుకోండి.

డెక్ తొమ్మిది

తయారయ్యే క్రమం కూడా అనుకోండి. మామూలు క్యాబిన్ 150 నుంచి 190 చదరపు అడుగులు, నిలువుటద్దం ఒక్కటే. మీది మొదటి విడత డిన్నర్ అయితే ఐదున్నర ప్రాంతంలో మొదలవుతుంది, అంటే నాలుగింటికే స్నానాలు. ఒక క్యాబిన్‌లో ఆడవాళ్ళు ముగ్గురూ, రెండోదాంట్లో మగవాళ్ళిద్దరూ తయారైతే తోపులాట ఉండదు. శాకాహారం తినేవాళ్ళుంటే ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పండి, ఫార్మల్ నైట్ మెనూలో లాబ్‌స్టర్లూ స్టేకులే ఎక్కువ, అడిగితే ఇండియన్ కూరలు విడిగా చేసిస్తారు.

ఇంకొకటి. చివరి రాత్రి పెట్టెలు క్యాబిన్ బయట పెట్టేస్తే సిబ్బంది తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ కనపడేది ఒడ్డున టెర్మినల్‌లోనే. పట్టుచీరలు, మందులు, పాస్‌పోర్టులు ఆ పెట్టెల్లో వేయకండి. మర్నాడు పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు ఐదుగురివీ లెక్కపెట్టి బయట ఉంచాకే జిప్పు వేయండి. నైటీతో, లుంగీతో టిఫిన్‌కి వచ్చేవాళ్ళు ప్రతి ఓడలోనూ ఒకరిద్దరు ఉంటారు.